డ్రాయింగ్ దశలోనే అందరూ కూర్చుంటే ప్రాజెక్టు గట్టెక్కుతుందా?

సెంట్రింగ్_శీను:
మా అపార్ట్‌మెంట్ సైట్లో మూడో అంతస్తు బాత్‌రూమ్ చోటు మార్చారు. స్లాబ్ పోసిన వారానికి గానీ ప్లంబింగ్ డ్రాయింగ్ చేతికి రాలేదు. చూస్తే పైపు లైన్ సరిగ్గా బీమ్‌కి అడ్డం. బీమ్‌కి బొక్క కొట్టే కోర్ కటింగ్ ఒప్పుకోనని స్ట్రక్చరల్ ఇంజినీర్, పైపు తిప్పితే వాలు రాదని ప్లంబర్. చివరికి కింది ఫ్లాటు హాల్లో ఫాల్స్ సీలింగ్ వేసి దాచేద్దామన్నారు! ప్లాను మారిన రోజే ఇద్దరినీ ఒక పూట కూర్చోబెట్టి ఉంటే ఈ గోల ఉండేది కాదు. ప్రాజెక్టు ఎలా ముగుస్తుందో నేనైతే బడ్జెట్ చూసి చెప్పను, మొదటి మీటింగ్‌లో ఎవరున్నారో చూసి చెప్తాను.

టెండర్_తాత:
శీనూ, కోడి కూసింది కాబట్టి తెల్లారిందంటున్నావు. లండన్ హీత్రో విమానాశ్రయం టెర్మినల్ 5 కూడా అలాగే మొదటినుంచీ కలిసి కట్టారు. కానీ అక్కడ యజమాని బీఏఏ రిస్కంతా తన నెత్తిన వేసుకుంది. కాంట్రాక్టర్లకు అయిన ఖర్చు, దానిపై ఒప్పుకున్న లాభం ఇచ్చింది. తప్పు నీదా నాదా అని కొట్టుకునే అవసరమే రాలేదు. 430 కోట్ల పౌండ్ల పని, చెప్పిన తేదీకి పూర్తయింది. ఆ అగ్రిమెంటు లేకుండా ఎన్ని మీటింగులు పెడితే ఏం లాభం?

వైరింగ్_వనజ:
తాతగారూ, 2008 మార్చి 27న తెరిచాక జరిగింది వదిలేశారేం? సిబ్బందికి పార్కింగ్ దొరకలేదు, కొందరు బ్యాగేజీ కంప్యూటర్లలోకి లాగిన్ కాలేకపోయారు. తర్వాతి రోజుల్లో వందల విమానాలు రద్దయ్యాయి. కట్టినవాళ్లు బాగానే కలిశారు. నడిపేవాళ్లతో ఆ కలయిక చాల్లేదు.

సెంట్రింగ్_శీను:
నేను చెప్పేదీ అదేనండీ! అమెరికాలో డెన్వర్ విమానాశ్రయం చూడండి. భవనం డిజైన్ చాలా ముందుకెళ్లాక ఆటోమేటిక్ బ్యాగేజీ వాళ్లను దింపారు. ఉన్న ఇరుకులోనే పట్టాలు దూర్చాల్సి వచ్చింది. 16 నెలలు ఆలస్యమై 1995 ఫిబ్రవరిలో తెరిచారు.

టెండర్_తాత:
సరే, మన సర్కారు పనిలో ఎవరిని కూర్చోబెడతావు? ఎల్1, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసినవాడు, ఎవరో టెండర్ తెరిస్తేనే కదా తెలిసేది. ముందే ఒక కాంట్రాక్టర్‌ని పిలిచి మాట్లాడావో, ఆ తర్వాత విజిలెన్స్ వాళ్లు నిన్ను పిలుస్తారు.

వైరింగ్_వనజ:
ఎల్1 తెలియకపోయినా, ఆసుపత్రి కడుతుంటే అక్కడి నర్సు ఎవరో తెలుసు కదండీ. స్ట్రెచర్ తిరగడానికి మలుపు ఎంత వెడల్పుండాలో, మంచం పక్కన ప్లగ్ పాయింట్ ఏ ఎత్తులో కావాలో ఆవిడ చెప్తుంది. నేను చేసిన ఒక వార్డులో పాయింట్లన్నీ మంచాల వెనక్కి పోయాయి. గోడలు మళ్లీ చెక్కాం.

టెండర్_తాత:
నర్సును పిలవడానికి ఏ రూలూ అడ్డు రాదు, ఒప్పుకుంటున్నాను. ఆవిడ చెప్పింది మినిట్స్‌లో ఎక్కిస్తారా అన్నదే నా అనుమానం.

సెంట్రింగ్_శీను:
మాకు శుక్రవారం నాలుగో స్లాబ్. ఈసారి ప్లంబర్‌ని సెంట్రింగ్ రోజే రమ్మన్నాను. ఆ రోజు కూలి ఎవరిస్తారని అడిగాడు. ఓనర్‌కి ఫోన్ చేశాను, ఇంకా ఎత్తలేదు.