ట్వీడ్ కోటు: అమెరికాలో పెద్దింటి గుర్తా, అందరి బట్టా?

బోస్టన్ చలి:
ఇంటర్వ్యూ బట్టల చర్చలో ఒకరు "ట్వీడ్ కోటు వేసుకుంటే ప్రొఫెసర్‌లా హుందాగా ఉంటారు" అని రాశారు. ఆ హుందాతనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాలి కదా. ఈ స్కాట్లాండ్ ఉన్ని బట్టను అమెరికాలో క్యాంపస్ బట్టగా నిలబెట్టింది బ్రూక్స్ బ్రదర్స్, 1902లో యేల్ యూనివర్సిటీ పక్కన పెట్టిన జె. ప్రెస్ లాంటి షాపులు. కొన్నవాళ్ళు ఎక్కువగా తాతల ఆస్తి ఉన్న ఇళ్ళ అబ్బాయిలు. యేల్ డిగ్రీ క్లాసుల్లోకి ఆడపిల్లలను రానిచ్చిందే 1969లో. మనం చదువు కళ అనుకుంటున్నది గేటు మూసి ఉన్న రోజుల యూనిఫాం. దాన్ని నెత్తిన పెట్టుకోవడం నాకు నచ్చదు.

నేతన్న బిడ్డ:
గేటు సంగతి నిజమే. కానీ ఆ గేటు కొంతైనా తెరుచుకుంది కదండీ. 1944లో జీఐ బిల్లు వచ్చాక యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. 1947 నాటికి అమెరికా కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది వాళ్ళే. రైతుల పిల్లలూ, ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలూ అలా కాలేజీ మెట్లెక్కి అదే కోటు తొడిగారు.

బట్టను కూడా ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. పాతబట్టల షాపులో హారిస్ ట్వీడ్ కోటు దొరికితే లోపలి జేబు దగ్గర గోళం మీద సిలువ ఉన్న లేబుల్ కనిపిస్తుంది. దూరం నుంచి ఉత్త గోధుమ రంగే. కంటికి దగ్గరగా పెట్టుకుంటే అదే పోగులో నీలం, నారింజ, ఆకుపచ్చ పీచులు తేలతాయి. ఉన్నికి ముందే రంగులద్ది, కలిపి, తర్వాత వడుకుతారు మరి. 1993 బ్రిటన్ చట్టం ప్రకారం దాన్ని స్కాట్లాండ్‌లోని ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో నేతగాళ్ళు తమ ఇళ్ళ దగ్గరే నేయాలి. మగ్గం మనిషి కాళ్ళతో తొక్కేదే. ఇంత కష్టం ఉన్న బట్టను దొరల బట్ట అని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

బోస్టన్ చలి:
నేసినవాళ్ళ మీద నాకు గౌరవమే. నా గొడవ వేసుకున్నవాళ్ళతో. జీఐ బిల్లు కాగితం మీద అందరిదీ, ఆచరణలో నల్లజాతి సైనికులకు, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, సీట్లూ రుణాలూ సరిగా అందలేదు. మోచేతి తోలు అతుకు చూడండి. చిరుగు కప్పడానికి పుట్టిన అతుకును కొత్త కోటు మీదే కుట్టి అమ్ముతున్నారు. చిరగని కోటుకు అతుకెందుకు?

ఆరో తీగ:
నల్లవాళ్ళ మాట వచ్చింది కాబట్టి మైల్స్ డేవిస్ సంగతి చెప్పాలి. 1950ల్లో ఆ జాజ్ ట్రంపెటర్ హార్వర్డ్ దగ్గరున్న ఆండోవర్ షాప్‌లో ఇంగ్లిష్ ట్వీడ్ జాకెట్లు, మన మద్రాసు గళ్ళ జాకెట్లు కుట్టించుకున్నాడు. తనలాంటివాళ్ళకు పెద్దగా చోటు లేని క్యాంపస్ బట్టను తనదిగా చేసుకుని స్టేజీ ఎక్కాడు. అది దొరలను అనుకరించడం అంటే నేను ఒప్పుకోను.

గిటార్ వాయించేవాళ్ళకైతే ట్వీడ్ అంటే 1950ల ఫెండర్ కంపెనీ ఆంప్లిఫయర్. పెట్టెకు అంటించింది సూట్‌కేసుల మీద ఉండేలాంటి నూలు బట్ట, ఉన్ని కాదు. పేరు మాత్రం ట్వీడే. ఆ కంపెనీ 1959 బాస్‌మన్ ఆంప్లిఫయర్ వాల్యూం పెంచితే శబ్దం కాస్త పగిలి బొంగురుపోతుంది, దాన్నే ట్వీడ్ టోన్ అంటాం. ఆ మాట వినగానే మాకు ప్రొఫెసర్ గుర్తుకే రాడు.

కృష్ణాతీరం:
అందరూ మగవాళ్ళ కోటు దగ్గరే ఆగిపోయారు. 1963 నవంబర్ 22న డాలస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపినప్పుడు ఆయన భార్య జాక్వెలిన్ కెనెడీ ఒంటి మీదున్న గులాబీ సూట్ కూడా ట్వీడ్ కుటుంబానిదే, పారిస్ ఫ్యాషన్ సంస్థ షనెల్ పద్ధతి ముడుల ఉన్ని బట్ట. కుట్టింది న్యూయార్క్ షాపులో. భర్త రక్తం మరకలతోనే ఆమె దాన్ని ఆ రోజంతా విప్పలేదు. ఉతకకుండా నేషనల్ ఆర్కైవ్స్‌లో దాచారు, 2103 దాకా ఎవరికీ చూపకూడదని షరతు. అది పెద్దింటి బట్టే, బోస్టన్ గారూ. కానీ అమెరికన్లకు ఆ సూట్ అంటే డబ్బు గుర్తొస్తుందా?

బోస్టన్ చలి:
రాదు. ఆ సూట్ విషయంలో, మైల్స్ డేవిస్ విషయంలో మీ ఇద్దరి మాటా ఒప్పుకుంటున్నాను. అతుకుల కోటు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.