రూతు కథను టీవీకి రాస్తుంటే నయోమిని గయ్యాళి అత్తగా మార్చమంటున్నారు

ప్రశ్న: కాజీపేట రచయిత

అందరికీ వందనాలు. ఒక టీవీ చానెల్ కోసం బైబిలులోని రూతు గ్రంథాన్ని 13 భాగాల ధారావాహికగా రాస్తున్నాను. బేత్లెహేము నుంచి మోయాబు దేశానికి వెళ్లిన నయోమి అక్కడ భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకొని తిరిగి వస్తుంటే, ఆ దేశపు పిల్ల అయిన కోడలు రూతు పుట్టింటికి పోకుండా ఆమె వెంటే వచ్చిన కథ ఇది. ఓర్పా నయోమి ఇంకో కోడలు. మూలంలో ఉన్నవి 4 అధ్యాయాలు, 85 వచనాలు మాత్రమే. మొదటి మూడు భాగాలు చదివిన నిర్మాత, రూతు మరీ మంచిదిగా ఉన్నదని, అటువంటి మనిషిని చూస్తూ ఎవరూ అరగంట కూర్చోరని, కనుక నయోమిని కోడలిని రాచిరంపాన పెట్టే అత్తగా, ఓర్పాను ఈర్ష్యతో రగిలే తోడికోడలిగా మార్చమని చెప్పారు. అది కుదరకపోతే రూతు గతంలో ఏదైనా రహస్యమైన తప్పు చేసినట్టు కల్పించమన్నారు.

నాకు ఈ రెండూ సమ్మతం కాదు. అయినా ఆయన అసంతృప్తిని కొట్టిపారేయలేకపోతున్నాను, ఎందుకంటే నేను రాసిన రూతు ప్రతి సన్నివేశంలోనూ కళ్లు దించుకొని, ఎవరేం చెప్పినా తలూపుతూ నిలబడి ఉన్నది. ఆమె మనసులో ఏమున్నదో రాసిన నాకే తెలియలేదు. గ్రంథానికి ద్రోహం చేయకుండా సద్గుణవతి పాత్రను ఆసక్తికరంగా రాసే మార్గం ఏమిటి?

సమాధానం: హన్మకొండ నాటకాభిమాని

అయ్యా, కాటి సీను కోసం తెల్లవార్లూ మేలుకొని కూర్చునే మన జనం హరిశ్చంద్రుడిలో లోపం వెతకడానికి కూర్చోరు. కన్నకొడుకు శవాన్ని మోసుకొచ్చిన చంద్రమతిని అతడు కాటి సుంకం అడుగుతాడా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తారు. జరగబోయేది అందరికీ తెలిసినా ఆ ఉత్కంఠ తగ్గదు, ఎందుకంటే అతని సత్యవ్రతం ఆ క్షణంలో అతను అందరికంటే ఎక్కువగా ప్రేమించిన మనుషుల మీదనే బరువై పడుతున్నది. మంచితనం అక్కడ ఒక నిర్ణయం. మీ రూతు తలూపుతున్నదంటే, ఆమె చేత మీరు ఇంకా ఏ నిర్ణయమూ చేయించలేదన్నమాట.

ఓర్పాను చెడ్డదాన్ని చేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటవుతుంది. ఓర్పా కూడా నయోమితో వస్తానన్నది, ఏడ్చింది, అత్తను ముద్దుపెట్టుకొని పుట్టింటికి వెళ్లింది. భర్త పోయిన పడుచుపిల్ల అలా వెళ్లడం ఎవరూ తప్పుపట్టలేని పని. ఆమె వివేకం గల మనిషిగా కనిపించినప్పుడే, పక్కనే నిలబడి వేరే దారి ఎంచుకున్న రూతు ఎంత పెద్ద సాహసం చేసిందో ప్రేక్షకుడికి అందుతుంది. దుర్మార్గురాలి పక్కన మంచిదానిగా కనిపించడానికి ఎవరికైనా పెద్దగా ఏమీ అక్కరలేదు.

ఇక నయోమి విషయం. బేత్లెహేము స్త్రీలు పలకరించినప్పుడు ఆమె, తనను మారా, అంటే చేదు, అని పిలవమని, నిండుగా వెళ్లిన తనను దేవుడు వట్టి చేతులతో తిరిగి తెచ్చాడని అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు రూతు పక్కనే ఉన్నది. తన దేశాన్ని, తన వారిని వదిలి వచ్చిన కోడలిని పక్కన పెట్టుకొని, నాకు ఎవరూ లేరన్నట్టుగా అత్త మాట్లాడితే ఆ కోడలి ముఖం ఎలా ఉంటుంది? గ్రంథం అక్కడ మౌనంగా ఉన్నది. మీ నిర్మాత అడిగిన సంఘర్షణ ఆ మౌనంలోనే ఉన్నది, దానికి నయోమి గయ్యాళి కానక్కరలేదు, దుఃఖంలో కళ్లు కనిపించని తల్లి అయితే చాలు.

సమాధానం: డోర్నకల్ నుంచి, సండే స్కూలు ఉపాధ్యాయుడు

పై సోదరునితో ఏకీభవిస్తున్నాను. కల్పించే ప్రతి సన్నివేశానికీ మూలంలో ఒక మాటైనా ఆధారంగా ఉండాలన్నది నా మనవి. రూతును గ్రంథం పదేపదే మోయాబీయురాలు అంటుంది, మోయాబీయులను ఇశ్రాయేలు సమాజంలో చేర్చుకోరాదని బైబిలులోని ద్వితీయోపదేశకాండంలో ఉన్నది. బావి దగ్గర, కళ్లం దగ్గర ఆ ఊరివాళ్లు ఆమెను ఎలా చూసి ఉంటారో రాయడానికి ఈ ఆధారం చాలు. అలాగే, రూతు కంకులు ఏరుకోవడానికి వెళ్లిన పొలం యజమాని బోయజు ఇచ్చిన పేలాలు తిని, కొన్ని మిగిల్చి, సాయంత్రం వాటిని అత్తకు తెచ్చి ఇచ్చిందని ఉన్నది. ఆ మిగిల్చిన పిడికెడు పేలాలను దయచేసి వదిలిపెట్టకండి.

సమాధానం: పరకాల దగ్గరి పల్లె నుంచి

అన్నా, నాకు నాటకాలు తెలియవు గాని, రూతు చేసినట్టు పరిగె ఏరడం, అంటే కోత తరువాత చేలో రాలిన కంకులు ఏరుకోవడం తెలుసు. చిన్నతనంలో మా అమ్మ వెంట వరి కోసిన మడుల్లో పరిగె ఏరేదాన్ని. కొయ్యకాళ్లు పాదాలకు గుచ్చుకునేవి, రోజంతా వంగి ఏరితే నడుము తిరిగి లేచేది కాదు. అంతకంటే కష్టమైనది ఆసామి చూపు. కొందరు అదిలించేవారు. ఒక పెద్దమనిషి మాత్రం మేము వచ్చామని తెలిసీ మావైపు చూడనట్టుగా అటు తిరిగి నిలబడేవాడు, ఆ మడిలో కంకులు ఎప్పుడూ ఎక్కువే దొరికేవి. అవి కావాలని వదిలినవని మా అమ్మ చాలా ఏళ్ల తరువాత చెప్పింది.

బోయజు కూడా పనలలో నుంచి పిడికెళ్లు లాగి ఆమె కోసం పడవేయమని తన పనివాళ్లకు చెప్పాడు. గింజలు నేరుగా బస్తాకెత్తి ఇవ్వగలిగినవాడు ఆ పని చేయకుండా, ఆమె తన కష్టంతోనే సంపాదించుకున్నానని అనుకునేలా చేశాడు. మీరు రాసేటప్పుడు ఆ రహస్యాన్ని రూతుకు ఎప్పుడు తెలియనిస్తారో ఆలోచించండి. తెలిసిన రోజున ఆమెకు సంతోషం కలుగుతుందో, చిన్నతనంగా అనిపిస్తుందో నేను చెప్పలేను. మా అమ్మ మాత్రం ఆ మాట చెబుతూ ఏడ్చింది.

ప్రశ్న అడిగినవారు: కాజీపేట రచయిత

అక్కా, మీ మాటలు చదివిన తరువాత నాలుగో భాగాన్ని మొత్తం తిరగరాశాను. రూతు సాయంత్రం తాను ఏరిన గింజలను దుళ్లగొట్టి కొలుచుకుంటుంది, అవి తూమెడు అవుతాయి, ఒక్క రోజు పరిగెకు అంత రాదని ఆమెకు అనుమానం వస్తుంది, అయినా ఎవరినీ అడగకుండా మూట కట్టుకొని ఇంటికి నడుస్తుంది. నయోమి పేలాలు నోట్లో వేసుకొని, ఊరికి వచ్చిన తరువాత మొదటిసారి కోడలి ముఖం వైపు నిదానంగా చూస్తుంది. చివరి భాగంలో ఊరి స్త్రీలు రూతును ఏడుగురు కుమారులకంటే మేలైన కోడలని అనేటప్పుడు, మొదట వట్టి చేతులని చెప్పుకున్న అదే వాకిట్లో, రూతుకు బోయజుతో పెళ్లై పుట్టిన మనవడిని ఒడిలో పెట్టుకున్న నయోమిని కూర్చోబెట్టాలని అనుకుంటున్నాను. రేపు ఈ ప్రతిని నిర్మాతకు చదివి వినిపిస్తాను.