పనికెళ్లే తల్లిదండ్రుల పిల్లల్ని చూసే ఖర్చు సర్కారు పెట్టుకోవాలా? మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల లెక్కతో చెప్పండి

వంశధార_ఒడ్డు

తల్లికి వందనం పథకం (పిల్లల్ని బడికి పంపే తల్లులకి రాష్ట్రం ఇచ్చే డబ్బు) ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉంది. ఏడాదికి 15 వేల లెక్క. ఖాతాలో పడేది 13 వేలు, మిగతా 2 వేలు బడి నిర్వహణకి. బడికెళ్లే గుంటకి (పిల్లకి) ఇంత చేస్తన్నప్పుడు బడి ఈడు రాని గుంట సంగతేటి?

ప్రసూతి సెలవు 26 వారాలు, అదీ చట్టం వర్తించే ఉద్యోగమైతే. అంగన్‌వాడీలో రోజంతా కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండాకే. మధ్యలో రెండున్నరేళ్లు ఎవరి బాధ్యతా కాదు. మన వైపు ఆడవాళ్లు పని మానేసేది సరిగ్గా అప్పుడే.

సర్కారు ఖర్చు పెట్టాలనేదే నా మాట. కానీ తల్లి ఖాతాలో నగదు వేస్తే మాత్రం దండగ. ముందు తెలిసినవాళ్లు వివరాలు పెట్టండి. "మా అమ్మ మమ్మల్ని ఎలా పెంచిందంటే" కథలు వద్దు, లెక్కలు కావాలి.

కోట_జంక్షన్

క్రెష్‌కి, అంటే పనికెళ్లే తల్లుల పసిబిడ్డల్ని చూసుకునే కేంద్రానికి, పథకం లేక కాదు, ఉంది. 2006లో రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం, 2017లో నేషనల్ క్రెష్ స్కీమ్, 2022 ఏప్రిల్ నుంచి మిషన్ శక్తి కింద 'పాల్నా'. బోర్డు మారినంత తొందరగా లోపల మారలేదు.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు. ఒక్కో కేంద్రానికి 25 మంది, చూసుకోవడానికి ఒక వర్కరు, ఒక హెల్పరు. నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు. ఖర్చులో కేంద్ర ప్రభుత్వానిది 60 శాతం, రాష్ట్రానిది 40. నేషనల్ క్రెష్ స్కీమ్‌లో తల్లిదండ్రులు కట్టేది నెలకి పేద కుటుంబమైతే 20 రూపాయలు, ఇద్దరి ఆదాయం కలిపి 12 వేల లోపైతే 100, ఆపైన 200. ఇప్పుడు కొత్తవి ఎక్కువగా అంగన్‌వాడీ కమ్ క్రెష్ పద్ధతిలోనే, ఉన్న కేంద్రానికే తగిలిస్తున్నారు.

మీ ఊరికి కావాలంటే ఐసీడీఎస్ సీడీపీవోకి (అంగన్‌వాడీలని చూసే అధికారికి) అర్జీ పెట్టాలి, నకలు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఒక్కరే వెళ్లి "మా ఊరికి క్రెష్ కావాలి" అంటే కాగితం కదలదు. పిల్లల జాబితా జత చేయండి. పేరు, పుట్టిన తేదీ, తల్లి ఎక్కడ పనిచేస్తోంది, ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి వస్తుంది, దగ్గర్లోని అంగన్‌వాడీ ఏది, దానికి సొంత భవనమా అద్దెదా. 25 మందికి తక్కువైతే పక్క వీధి, పక్క ఊరు కలుపుకోండి.

పైడిభీమవరం_బి_షిఫ్టు

ఏడున్నర గంటలంటే నవ్వొస్తాది కోట జంక్షన్ గారూ. మా పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో 'ఎ' షిఫ్టు పొద్దున్న ఆరింటికి మొదలు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి బస్సెక్కాలంటే ఐదు కాకముందే రోడ్డు మీద ఉండాలి. అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదికి, మూసేది నాలుగింటికి. ఎండాకాలం ఒంటిపూట పెడితే ఆ నాలుగు కూడా లేదు.

రాష్ట్రం 2025లో చట్టం మార్చి ఫ్యాక్టరీలో రోజుకి పది గంటల పని దాకా వీలిచ్చింది, ఆడవాళ్ల రాత్రి షిఫ్టుకీ దారి తెరిచింది. పది గంటల పని, రానూపోనూ రెండు గంటలు, మొత్తం పన్నెండు. క్రెష్ ఏడున్నర. మిగిలిన నాలుగున్నర గంటలు గుంట ఎక్కడుండాలి? రాత్రి షిఫ్టు తల్లికి రాత్రి తెరిచే క్రెష్ ఎక్కడుంది? పనిగంటలు పెంచిన చేత్తోనే ఈ గంటలూ పెంచాలి కదా.

పన్ను_కడుతున్నవాడు

ప్రతిదీ సర్కారే పెట్టాలంటే ఎలాగండీ? ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకునే తల్లికి రూపాయి లేదు, ఉద్యోగం చేసే తల్లికి సబ్సిడీనా? నానమ్మలు, అమ్మమ్మలు ఏమయ్యారు?

చోడంబలి

నానమ్మ ఉపాధి పనికి వెళ్లిందండీ. అమ్మమ్మ విశాఖలో కొడుకు దగ్గర ఉంది. మన జిల్లాల వలస తెలిసినవాళ్లు ఆ ప్రశ్న వేయరు.

ఇంకొకటి. సర్కారు తన ఉద్యోగులకి ఈ సబ్సిడీ ఎప్పటినుంచో ఇస్తూనే ఉంది. కేంద్రంలో చైల్డ్ కేర్ లీవు 730 రోజులు, మొదటి 365 పూర్తి జీతంతో, తర్వాతి 365 జీతంలో 80 శాతంతో. మన రాష్ట్రం 2022లో 60 రోజుల్ని 180 చేసింది. అది తప్పు కాదు, మంచిదే. జీతంతో సెలవంటే పిల్లల్ని చూడటానికి ఖజానా డబ్బు పెట్టడమే. టీచరమ్మకి న్యాయమైనది జీడిపిక్కలు కొట్టే మనిషికి ఎందుకు కాదు?

పన్ను_కడుతున్నవాడు

సెలవు మాట ఒప్పుకుంటాను. అయితే ఖర్చెంతో చెప్పండి, ఎవరూ చెప్పట్లేదు.

లెక్కల_మాస్టారు

చెబుతాను. మూడేళ్లలోపు పిల్లలు 25 మంది ఉన్న కేంద్రం అనుకుందాం. 2018 కేంద్ర మార్గదర్శకాల లెక్క మూడేళ్లలోపైతే పది మందికి ఒకరు, ఆపైన ఇరవై మందికి ఒకరు. అంటే ముగ్గురు కావాలి. కింది అంకెలు నేను వేసుకున్న అంచనా, మీ ఊరి రేట్లు పెట్టి మార్చుకోండి.

ముగ్గురికి 12 వేల చొప్పున 36,000. వంటకీ శుభ్రానికీ ఒక ఆయా 9,000. రెండు గదులు, వంటిల్లు, నీళ్లున్న మరుగుదొడ్డి ఉన్న ఇల్లు అద్దె 6,000. తిండి పిల్లకి రోజుకి 20 చొప్పున 26 రోజులకి 13,000. కరెంటు, గ్యాస్, సబ్బు, ఫినాయిలు 3,000. మొత్తం 67,000. పిల్లకి 2,680.

పథకంలో అందరికంటే ఎక్కువ కట్టేవారిది 200. మిగతా 2,480 ఎవరో ఒకరు పెట్టాలి. నెలకి తొమ్మిది, పది వేలు తెచ్చే మనిషి పెట్టలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. 25 మంది పేర్లుండి 15 మందే వస్తే ఖర్చు తగ్గదు. జీతాలు, అద్దె అలాగే ఉంటాయి, తిండి ఒక్కటే తగ్గుతుంది. 67,000లో 5,200 తీసేస్తే 61,800, పిల్లకి 4,120. వరికోతలప్పుడు ఒక సంఖ్య, సంక్రాంతికి ఇంకో సంఖ్య. ఆ హెచ్చుతగ్గులకి తట్టుకోలేకే ప్రైవేటువాళ్లు మండలాల్లో పెట్టరు. టౌన్లో ఉన్న ప్లేస్కూళ్లు రెండేళ్లు దాటి, చెడ్డీ తడపడం మానిన పిల్లల్నే తీసుకుంటాయి, మధ్యాహ్నానికి పంపించేస్తాయి. తల్లి ఖాతాలో 2,500 వేసినా కొనడానికి సరుకు లేదు. టౌన్లో అయితే ఫీజు ఆ మేరకు పెరుగుతుంది. వంశధార గారు నగదు దండగన్నది అందుకే అనుకుంటాను.

వంశధార_ఒడ్డు

సరిగ్గా అదే. నేను రాయాల్సింది మీరే రాసేశారు.

కోట_జంక్షన్

పన్ను మినహాయింపు ఇస్తే చాలదా అనేవాళ్లకి ఒక మాట. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో ప్లేస్కూల్ ట్యూషన్ ఫీజు ఇద్దరు పిల్లల వరకు, మొత్తం లక్షన్నర మినహాయింపులో చూపించుకోవచ్చు. క్రెష్ ఫీజుకి లేదు. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపే లేదు. అయినా పన్ను కట్టేంత ఆదాయమే లేని ఇంటికి మినహాయింపు వల్ల పైసా రాదు.

జీడిపిక్క

పలాస, కాశీబుగ్గ జీడి బట్టీల సంగతి ఎవరూ ఎత్తలేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్లో ఆడవాళ్ల సంఖ్య 30 దాటితే యజమాని క్రెష్ గది పెట్టాల్సి ఉండేది. లెక్క ఆడవాళ్లది కాబట్టి ఒకే ఆవరణని రెండు పేర్లతో చూపించి, ఒక్కోదాంట్లో 28 మందితో ఆపితే సరిపోయేది. 2017లో ప్రసూతి చట్టం సవరణతో ఆడామగా కలిపి 50 మంది ఉంటే క్రెష్ అన్నారు. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు అమల్లోకొచ్చిన కార్మిక కోడ్‌లలోనూ 50 మందే. పెద్ద ఫ్యాక్టరీకి ఇది బిగింపు. 35 మంది ఆడవాళ్లతో నడిచే చిన్న బట్టీ మాత్రం పాత లెక్కలో లోపల ఉండేది, ఇప్పుడు బయటపడింది. మనకి చిన్నవే ఎక్కువ.

అదే కోడ్‌లో పనికొచ్చే దారి ఒకటుంది. క్రెష్ ఎవరికి వారే పెట్టనక్కర్లేదు, కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడిగా పెట్టుకోవచ్చు, మున్సిపాలిటీదో ప్రభుత్వానిదో వాడుకోవచ్చు. పలాసలో పక్కపక్కనే ఉన్న బట్టీలకి ఇది కొలిచి కుట్టించినట్టుంటుంది. సర్కారు భవనం, జీతాలు పెట్టుకుని, యజమానులు తలకింత అని తిండి ఖర్చు పెట్టుకుంటే మాస్టారి 67 వేలు పంచుకోవచ్చు.

రోజుకి నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని చట్టంలో ఉంది. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు. కానీ జీడి పనిలో కూలి కిలోకింత. లేచి వెళ్తే ఆ పావుగంట తన కూలిలోంచే పోతాది. అందుకే హక్కున్నా ఎవరూ లేవరు. సబ్సిడీ అంటే ఆ విరామం కూలి కూడా లెక్కలోకి రావాలి.

ఇంకో జాగ్రత్త. పిక్క కొట్టేవాళ్ల చేతికి జీడి నూనె అంటుకుంటాది, పెద్దవాళ్ల తోలే పొక్కుతాది. ఆ చేత్తో బిడ్డనెత్తుకుంటే బుగ్గల మీద బొబ్బలు. పని ముందు చేతులకి ఆముదం రాసుకోవాలి, పాలివ్వబోయేముందు సబ్బుతో మోచేతుల దాకా కడగాలి, పైన కట్టుకున్న గుడ్డ మార్చాలి. క్రెష్ గుమ్మం బయటే కుళాయి, సబ్బు లేకపోతే ఇది జరగదు. గది కూడా పిక్కలు కాల్చే పొగ తగలని వైపుండాలి.

చోడంబలి

అంగన్‌వాడీకే తగిలించేద్దాం అనేవాళ్లు లోపల చూడండి. చాలా అద్దె కేంద్రాల్లో గది ఒక్కటే, అందులోనే పొయ్యి. మూడేళ్ల పిల్లలు కూర్చోమంటే కూర్చుంటారు. పాకే బిడ్డ నేరుగా పొయ్యి దగ్గరికే పోతాడు. కాబట్టి వంటిల్లు వేరుగా, దానికి నడుమెత్తు సగం తలుపు, గడియ అవతలి వైపు. పిల్లకి 10 నుంచి 12 చదరపు అడుగులన్నది మార్గదర్శకం. పడుకోబెట్టే వేళకి అది చాలదు, కాళ్లు పక్కవాడి మొహానికి తగులుతాయి.

పని ఎవరు చేస్తారన్నది అంతకంటే పెద్ద మాట. ఉన్న వర్కరుకి పోషణ్ ట్రాకర్ యాప్, రేషన్ తీసుకునేవాళ్ల ముఖం ఫొటో, సర్వేలు, ఓటర్ల జాబితా పని. గౌరవ వేతనం 11,500, హెల్పరుకి 7,000. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసింది దీనికే. ఆవిడ నెత్తినే పసిబిడ్డల్నీ పెట్టి వెయ్యో రెండు వేలో విదిలిస్తే అది సబ్సిడీ కాదు, ఆవిడ దగ్గర లాక్కోవడం. క్రెష్‌కి విడిగా మనుషులుండాల్సిందే.

పసిబిడ్డల గదిలో రోజువారీ సరంజామా, తెలియనివాళ్ల కోసం:

పది మందికి రోజుకి 60 గుడ్డలు పట్టుకుంటాయి. మూత ఉన్న బకెట్లు రెండు, తడిసినవాటికి ఒకటి, మలం అంటినవాటికి ఒకటి. ఈ గుడ్డలు ఉతికే చోటూ గిన్నెలు తోమే చోటూ ఒకటి కాకూడదు. విరేచనాలు ఒకరి నుంచి పదిమందికి పాకేది అక్కడే.

తల్లి పిండి ఇచ్చిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు. మన మే నెల గదిని అలా నమ్మకూడదు, ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. అక్కడ నాలుగు రోజులు నిలుస్తాయి. గిన్నె మీద పేరు, పిండిన వేళ రాయాలి. తాగించేటప్పుడు పొయ్యి మీద పెట్టొద్దు, గోరువెచ్చటి నీళ్లలో గిన్నె ఉంచితే చాలు. సీసా కంటే ఉగ్గుగిన్నె మేలు, మూలలు లేవు కాబట్టి ఉడకబెట్టి కడగడం సులువు.

అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం (పసిబిడ్డల పోషకాహార పొడి) ప్యాకెట్ రెండున్నర కిలోలు, రోజుకి వంద గ్రాముల చొప్పున 25 రోజులకి. అది ఇంటికెళ్తే అన్నదమ్ములందరూ తినేస్తారు. క్రెష్‌లో ఉండే బిడ్డ ప్యాకెట్ అక్కడే వండాలి. దాంతో పాటు చోడిజావ (రాగిజావ). పిండిని ముందు చల్లటి నీళ్లలో కలిపి, అప్పుడు పొయ్యెక్కించాలి. మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కట్టి బిడ్డ గొంతులో పడతాయి. జీడిపప్పు ఊరే అయినా సరే, నాలుగేళ్లలోపు గుంట చేతికి గుండు పలుకు ఇవ్వొద్దు, వేరుశనగ గింజ కూడా.

చేర్చుకునేటప్పుడు తల్లీబిడ్డల కార్డులో తొమ్మిదో నెల తట్టు టీకా పడిందో లేదో చూడాలి. జ్వరం 38 డిగ్రీలు దాటితే ఇంటికి కబురు. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసులో అంటూ కొలతలు మార్చొద్దు. 24 గంటలు దాటితే పారబోయాలి. సాయంత్రం బిడ్డని ఎవరికి అప్పగించాలో తల్లి సంతకంతో మూడు పేర్లు రిజిస్టర్లో ఉండాలి. తాగొచ్చిన తండ్రికి ఇవ్వనని చెప్పడానికి వర్కరుకి ఆ కాగితమే బలం.

పన్ను_కడుతున్నవాడు

ఉపాధి పనిలో పిల్లల్ని చూడటానికి ఒక మనిషి ఉండాలని విన్నాను. నిజమేనా?

జీడిపిక్క

నిజం. 2005 ఉపాధి చట్టం రెండో షెడ్యూల్లోనే రాశారు. పని దగ్గరికి చిన్నపిల్లలు ఐదుగురు, ఆపైన వస్తే ఒక ఆడమనిషిని వాళ్లని చూడటానికి పెట్టి అందరితో సమానంగా కూలి ఇవ్వాలని. జరగనిది ఎందుకంటే, పని అడిగేటప్పుడు పిల్లల సంఖ్య ఎవరూ రాయించరు. మస్టర్ (హాజరు పట్టిక) వచ్చాక అడిగితే కొలతల్లో ఆ మనిషి పని ఎక్కడ చూపించాలో పని చేయించే మేటుకి తెలీదు. అడిగే కాగితం మీదే పిల్లల పేర్లు, వయసులు రాయించాలి. చెరువు గట్టు మీద నీడ కూడా ముఖ్యం, తాటాకు పందిరి చాలు.

కర్ణాటక దీన్ని ఊళ్లోకి తెచ్చింది. 2023లో 'కూసిన మనె' పేరుతో 4 వేల పంచాయతీల్లో శిశువిహారాలు అన్నారు. జాబ్ కార్డున్న ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పెట్టడం పద్ధతి. మనం కాపీ కొట్టదగ్గది అదీ.

పైడిభీమవరం_బి_షిఫ్టు

భోగాపురం విమానాశ్రయం లాంటి పెద్ద కట్టడాల దగ్గర డబ్బు లేదనడానికి కూడా లేదు అప్పా. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమ బోర్డుకి వెళ్తాది. 1996 నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్లో యాభై మంది కంటే ఎక్కువ ఆడ కార్మికులుంటే ఆరేళ్లలోపు పిల్లలకి గది అని ఉండేది. కాంట్రాక్టర్లు సబ్‌కాంట్రాక్టుల్లో ముక్కలు చేసేసరికి ఎవరి దగ్గరా యాభై ఉండరు. లెక్క సైటు మొత్తానికి కట్టాలి.

పన్ను_కడుతున్నవాడు

సరే. నగదు వద్దు, కేంద్రాలు పెట్టండి, మనుషులకి జీతమివ్వండి అంటే నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో ఉండే తల్లికి కూడా అవసరమైన రోజు బిడ్డని దించే వీలుండాలి. ఆస్పత్రికెళ్లేది ఆవిడ కూడా.

లెక్కల_మాస్టారు

ఉండొచ్చు. 25లో రెండు మూడు స్థానాలు రోజువారీకి ఖాళీగా ఉంచితే హాజరు తగ్గిన రోజుల్లో అవే నిండుతాయి. కానీ డబ్బు తలకింత అని ఇస్తే అది కుదరదు, దొంగ హాజరు వేసుకుంటారు. జీతాలు, అద్దె కేంద్రానికి స్థిరంగా ఇచ్చి, తిండి డబ్బు ఒక్కటే హాజరుని బట్టి ఇవ్వాలి. అర్జీలో ఈ ముక్క తప్పకుండా రాయండి.

వంశధార_ఒడ్డు

అర్జీ నమూనా రాస్తున్నాను. మూడు కోరికలే పెడతాను: మూడేళ్లలోపు పిల్లలకి విడిగా మనుషులు, ఉదయం ఐదున్నర నుంచి రాత్రి ఏడు దాకా రెండు షిఫ్టుల్లో తెరవడం, జీతాలూ అద్దే హాజరుతో ముడిపెట్టకపోవడం. పైడిభీమవరం, పలాస, రాజాం, బొబ్బిలి వైపు వాళ్లు మీ షిఫ్టు వేళలు కింద రాయండి, పట్టికలో కలుపుతాను.

పైడిభీమవరం_బి_షిఫ్టు

6 నుంచి 2, 2 నుంచి 10, 10 నుంచి 6. జనరల్ 9 నుంచి ఆరు. మీరు రాసిన రాత్రి ఏడు బి షిఫ్టుకి చాలదు, రాత్రి పదకొండు అని రాయండి.