చర్చి గంటల్లో ట్రెబుల్ మోగించేటప్పుడు హ్యాండ్‌స్ట్రోక్ తొందరగా పడుతోంది, సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో లెస్టర్‌షైర్‌లోని ఒక గ్రామంలో ఉంటున్నాను. మా చర్చి గోపురంలో ఆరు గంటలున్నాయి, ఒక్కొక్క గంటకు ఒక్కొక్కరు తాడు పట్టుకుంటారు. ఐదు నెలలుగా ప్రతి మంగళవారం సాయంత్రం అక్కడికి వెళ్లి నేర్చుకుంటున్నాను. గంటను మూతి పైకి వచ్చేలా లేపడం, అలా నిలపడం, తిరిగి దించడం వచ్చాయి. రౌండ్స్‌లో, అంటే చిన్న గంటైన ట్రెబుల్ నుంచి పెద్ద గంటైన టెనర్ వరకు వరుసగా మోగించేటప్పుడు, నాకు ట్రెబుల్ ఇస్తున్నారు. బ్యాక్‌స్ట్రోక్, అంటే తాడు చివర పట్టి లాగే దెబ్బ, సరిగా పడుతోంది కానీ, తాడు మీది ఉన్ని అల్లిన భాగాన్ని పట్టి లాగే హ్యాండ్‌స్ట్రోక్ మాత్రం ప్రతిసారీ ముందే పడుతోందని నేర్పేవారు అంటున్నారు. చిన్నతనంలో ఏలూరులో ఏడేళ్లు మృదంగం నేర్చుకున్నాను, లెక్క తప్పుతానన్న మాట ఎన్నడూ పడలేదు. అందుకే ఇది నన్ను చాలా బాధిస్తోంది. ఇంకొక సందేహం కూడా ఉంది. నేను హిందువును. ఆదివారం ఆరాధనకు ముందు మోగించే బృందంలోకి రమ్మని పిలుస్తున్నారు. వెళ్లడం సబబేనా?

మొదటి సమాధానం

నమస్కారమండీ. మీ మృదంగమే ఇక్కడ మిమ్మల్ని తొందరపెడుతోందని నా అనుమానం. ఆరు గంటలు హ్యాండ్‌స్ట్రోక్‌లో ఒకసారి, బ్యాక్‌స్ట్రోక్‌లో ఒకసారి మోగితే పన్నెండు దెబ్బలవుతాయి. తాళం తెలిసిన మనిషి పన్నెండు పూర్తికాగానే ఆవర్తనం ముగిసిందనుకుని, పదమూడో చోట మళ్లీ ఎత్తుగడ వేస్తాడు. కానీ ఇంగ్లండులో ఎక్కువ గోపురాల్లో ఆ పదమూడో చోట ఒక దెబ్బ పట్టేంత నిశ్శబ్దం ఉండాలి, ఆ తరువాతే ట్రెబుల్ హ్యాండ్‌స్ట్రోక్ పడాలి. కాబట్టి పన్నెండు కాకుండా పదమూడు లెక్కపెట్టండి. బ్యాక్‌స్ట్రోక్‌కు ముందు ఈ విరామం లేదు కనుకనే మీకు అది సరిగా కుదురుతోంది.

లెక్క తెలిసినంత మాత్రాన చెయ్యి మాట వినదు. మృదంగం మీద వేలు తగలగానే నాదం పుడుతుంది. ఇక్కడ తాడు లాగిన తరువాత గంట కిందికి దిగి, అవతలి వైపు పైకి లేస్తున్నప్పుడు గాని నాలుక తగిలి మోగదు. వందల కిలోల లోహం ఒకసారి కదిలాక దానిని మధ్యలో ఆపడం, తొందరపెట్టడం మనవల్ల కాదు. మన చేతిలో ఉన్నదల్లా అది పైన తిరగబడే చోట ఎంత ఎత్తుకు లేవాలన్నదే. పూర్తిగా పైకి లేచిన గంట అక్కడ కాస్త ఆగుతుంది, కింద ఉండగానే ఆపేసిన గంట వెంటనే వెనక్కి వస్తుంది. అందువల్ల హ్యాండ్‌స్ట్రోక్ ఆలస్యం కావాలంటే దానికి ముందరి బ్యాక్‌స్ట్రోక్‌ను సరిచేసుకోవాలి. తాడు చివరను చివరికంటా లాగండి. తాడు మీద రంగురంగుల ఉన్ని అల్లిన భాగమైన శాలీ పైకి వెళ్తున్నప్పుడు దానిని కిందనే గట్టిగా పట్టేయకుండా, చేతులతో పాటు పైకి వెళ్లనివ్వండి. గంట పైన తేలికగా నిలిచినట్టు చేతికి తెలుస్తుంది, విరామం అక్కడే దొరుకుతుంది. మీరు శాలీని చాలా కింద పట్టుకుంటున్నారేమో మీ గురువుగారిని ఒక్కసారి గమనించమనండి. కొత్తవారిలో నేను ఎక్కువగా చూసిన లోపం ఇదే.

ఈ విరామాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఏడు గంటల స్థానాలు మారుతూ టెనర్ ప్రతి వరుసకూ చివర మోగే పీల్ (ఆగకుండా చాలాసేపు మోగించడం) ఒకటి తీసుకుందాం. ఏడు గంటలకు సాధ్యమైన 5040 వరుసలూ ఒక్కటి కూడా తిరిగి రాకుండా, ఎవరి చేతిలోనూ కాగితం లేకుండా, దాదాపు మూడు గంటలసేపు మోగుతాయి. అందులో ఈ విరామం రెండు వరుసలకు ఒకటి చొప్పున 2520 సార్లు వస్తుంది. ఒక వరుస ఎక్కడ మొదలైందో వినేవారికి తెలిసేది దీనివల్లనే. వరుసలు తప్పకపోయినా దెబ్బల మధ్య ఎడం సమంగా లేకపోతే అది బాగా మోగించినట్టు కాదని నా అభిప్రాయం.

రెండవ సమాధానం

పై సమాధానానికి ఒక చేర్పు. మీరు ఎప్పుడైనా ఇంగ్లండు నైరుతిలోని డెవాన్ వైపు వెళ్తే అక్కడి చాలా గ్రామాల్లో పదమూడో విరామం పాటించరు. వారు పన్నెండు తరువాత వెంటనే ఎత్తుకుంటారు, వారి పద్ధతిలో మీ మృదంగం లెక్క సరిగ్గా సరిపోతుంది. అక్కడ గంటల క్రమం కాల్ చేంజెస్ పద్ధతిలో, నాయకుడు గంటల సంఖ్యలు పిలిచి చెప్పినప్పుడే మారుతుంది. దెబ్బల సమత్వంలో వారి పట్టుదల వింటేనే తెలుస్తుంది. అతిథిగా వెళ్లినప్పుడు తాడు పట్టేముందు వారి ఆనవాయితీ ఏమిటో అడగడం మర్యాద.

గంట వేగం మన చేతిలో లేదన్న మాటను మాత్రం బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే మీరు తరువాత నేర్చుకోబోయే ప్లెయిన్ హంట్ (ప్రతి గంటా వరుసకో స్థానం చొప్పున చివరికి వెళ్లి తిరిగి ముందుకు వచ్చే పద్ధతి) అంతా దాని మీదే నిలిచి ఉంది. ఒక వరుస నుంచి తరువాతి వరుసకు ఏ గంటైనా ఒక్క స్థానమే జరగగలదు, అంతకు మించి బరువు ఒప్పుకోదు. పక్కపక్క గంటలను మాత్రమే మారుస్తూ అన్ని వరుసలనూ ఎలా చుట్టిరావాలన్న చిక్కును 17వ శతాబ్దంలోనే ఈ తాళ్లు పట్టుకున్నవారు విప్పారు. 1668లోనే దీని మీద పుస్తకం అచ్చయింది. గణితం చదువుకున్న నాకు ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడవ సమాధానం

మీ రెండో సందేహానికి ఎవరూ జవాబివ్వలేదు కనుక రాస్తున్నాను. నేనూ క్రైస్తవురాలిని కాను, పన్నెండేళ్లుగా ఆదివారాలు మోగిస్తున్నాను. క్రైస్తవ విశ్వాసం లేకుండా గంటలు మోగించేవారు ఈ దేశంలో చాలామంది ఉన్నారు, మోగించిన తరువాత ఆరాధనలో కూర్చోవాలన్న నిర్బంధం నాకు ఎక్కడా ఎదురుకాలేదు. అయితే ఆ గంటలు ఆరాధన కోసం ఉన్నవని మరవకూడదు. మంగళవారం నేర్చుకుని ఆదివారం రాకపోవడం నాకు సబబుగా తోచదు. ఆరు గంటల గోపురంలో ఒక్కరు రాకపోతే ఆ రోజు ఒక తాడు ఖాళీగా వేలాడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గంటలు మోగించేవారు దాదాపు 1400 మంది చనిపోయారు. ఆ యుద్ధం ముగిసి నూరేళ్లయిన 2018లో, అంతమంది కొత్తవారికి నేర్పాలని ఇక్కడ పిలుపునిచ్చారు. అప్పుడు చేరినవారిలో కొందరు మా గోపురంలో ఇప్పటికీ నా పక్కన నిలబడతారు. మిమ్మల్ని పిలిచారంటే మీ చెయ్యి వారికి అవసరమని అర్థం, వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పదమూడు లెక్కపెట్టాను. శాలీని నిజంగానే కింద పట్టుకుంటున్నానని మా గురువుగారు చూసి చెప్పారు. ఒక జానెడు పైకి వదిలాక నాలుగైదు వరుసలపాటు విరామం సరిగా కుదిరింది, తరువాత భుజం అలిసిపోయి మళ్లీ ముందుకు వచ్చాను. వచ్చే ఆదివారం పది గంటల ఆరాధనకు ముందు ట్రెబుల్ నాదేనని చెప్పారు. వస్తానని మాట ఇచ్చాను.