ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్న కాఫీ కొంటే రైతుకి ఏమైనా దక్కుతుందా?

వైట్‌ఫీల్డ్ వదిన: మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సంత పెడుతున్నాం. ఫెయిర్‌ట్రేడ్, అంటే రైతుకి న్యాయమైన ధర ఇచ్చి కొన్నామని చెప్పే ముద్ర ఉన్న కాఫీ పొడే పెడదామంటే సగం మంది డబ్బు దండగ అంటున్నారు. మీరేమంటారు?

మదనపల్లె అబ్బాయి: దండగే వదినా. ఎక్కువిచ్చిందంతా కంపెనీకి పోతుంది, రైతుకి చిల్లర.

కాఫీ పిచ్చోడు: లెక్క తెలీకుండా మాట్లాడకు బ్రో. 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికా రకం కాఫీ గింజలకి పౌనుకి (అర కిలోకి కాస్త తక్కువ) 1.80 డాలర్లు కనీస ధర. పైన 20 సెంట్ల ప్రీమియం, అంటే అదనపు సొమ్ము, రైతుల సంఘానికి వెళ్తుంది. బడికి పెట్టాలా, కల్లానికి పెట్టాలా అన్నది సభ్యులే ఓటేసి తేల్చుకుంటారు. 2001లో మార్కెట్ 50 సెంట్ల లోపుకి పడితే, ఈ ముద్ర మీద అమ్మినవాళ్లకి ప్రీమియంతో కలిపి 1.20 పైనే వచ్చింది.

మదనపల్లె అబ్బాయి: 2025 ఫిబ్రవరిలో మార్కెట్ ధరే 4 డాలర్లు దాటింది కదా. అప్పుడు నీ 1.80 ఏ మూలకి?

కాఫీ పిచ్చోడు: దాటితే మార్కెట్ ధరే ఇస్తారు. కనీసం అంటే అదేగా!

జయనగర్ ఫిల్టర్: చికోరీ కలుపుతారా?

గుంటూరు ఘాటు: ఒక మాట. సంఘం పండించిందంతా ఆ ధరకి పోదు. ముద్ర మీద కొనేవాళ్లు ఎంత అడిగితే అంతే, మిగతాది మామూలు మార్కెట్‌కే.

కాఫీ పిచ్చోడు: అందుకేగా కొనమంటున్నది!

మదనపల్లె అబ్బాయి: మా నాన్న టమాటా యార్డుకి తోలితే కోత కూలి కూడా రాలేదు. కమిషన్ కోసుకుని, మండీ ఆయన మాకే బాకీ చీటీ రాశాడు. మీరేమో కేఫ్‌లో రైతుని ఉద్ధరిస్తారు, కిందకి దిగి తోపుడు బండి దగ్గర కొత్తిమీర ఊరికే వెయ్యమంటారు.

కాఫీ పిచ్చోడు: టమాటా గొడవ ఇక్కడెందుకు? అరకులో ఎకరం, రెండెకరాల గిరిజన రైతులు సంఘం కట్టుకున్నారు కాబట్టే ముద్ర వచ్చింది. మీరూ కట్టుకోవాల్సింది.

మదనపల్లె అబ్బాయి: కట్టాం! ధర పెరిగిన రోజు పెద్ద రైతులు విడిగా అమ్ముకున్నారు. చివరికి నాన్న ఒక్కడే మిగిలాడు. పొలం అమ్మి నన్ను బెంగళూరు పంపాడు. సంఘం అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

కాఫీ పిచ్చోడు: ఈ మాట మొదటే చెప్పాల్సింది అన్నా. కాఫీ ఎండబెడితే నెలలు ఆగుతుంది, ధర కోసం కూర్చోవచ్చు. టమాటాకి ఆ వీలు లేదు.

మదనపల్లె అబ్బాయి: నాన్నకీ లేదు. వడ్డీ ఆగదుగా.

వైట్‌ఫీల్డ్ వదిన: ఆ కొత్తిమీర మాట నన్నేనా?