మూడో తరగతి తీసివేతలు పాపకు తలకెక్కట్లేదు, ఎవరైనా చెప్పండి

నర్సంపేట అమ్మ (రాత్రి 9:20)
అందరికీ నమస్తే. మా పాప మూడో తరగతి. తీసివేతలు అసలు వస్తలేవు. ఆరింటికి కూర్చున్నాం, ఇప్పటికీ అదే పేజీ. రబ్బరుతో తుడిచి తుడిచి కాగితానికి చిల్లు పడింది. అన్నం సరిగా తినకుండా ఏడ్చుకుంటనే పడుకుంది. నిన్న ఇవే లెక్కలు పదికి పది చేసింది, ఈ రోజు అన్నీ తప్పు. రేపు స్లిప్ టెస్ట్. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

హనుమకొండ నాన్న (9:24)
ఏ లెక్క? పాప ఏం రాసింది?

పరకాల రిటైర్డ్ టీచర్ (9:31)
అమ్మా, లెక్కల కంటే ముందు బిడ్డ చదవడం చూడండి. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు తెలియని పాఠాన్నైనా నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. 2021లో మొదలైంది. మన తెలంగాణ బడుల్లో 2022 నుంచి చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం కూడా నడిచింది. వత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలకు "ఎంత ఎక్కువ", "ఎన్ని మిగిలాయి" అన్న రెండు మాటల తేడా అందదు. పైగా పరిసరాల విజ్ఞానం కూడా మూడులోనే మొదలవుతుంది, అదంతా చదువుకోవాల్సిందే. రోజూ పదిహేను నిమిషాలు పక్కన కూర్చుని కథ చదివించండి. మీరు చదివి వినిపించడం కాదు, తను చదవాలి, మీరు వినాలి.

నర్సంపేట అమ్మ (9:36)
సార్, చదవడం బాగానే చదువుతుంది. ఇవి మాటల్లో ఇచ్చే లెక్కలు కావు, ఉత్త అంకెలే.

జనగామ ట్యూషన్ అక్క (9:38)
చెల్లె, ఎక్కాలు పక్కాగా వచ్చా? పొద్దున లేవగానే రెండు నుంచి పది దాకా చెప్పించు. ఎక్కాలు రాని పిల్లలకు ఏదీ రాదు.

హనుమకొండ నాన్న (9:40)
తీసివేతకు ఎక్కాలతో పని లేదు. అక్కా, లెక్క రాయండి.

నర్సంపేట అమ్మ (9:47)
402 – 157. పాప 355 రాసింది. ఇంకోటి 530 – 264, దానికి 334. నిన్నటివి 586 – 243 లాంటివి, అన్నీ కరెక్టే.

హనుమకొండ నాన్న (9:58)
అయితే నిన్నటివీ ఇవీ ఒకటి కాదు. నిన్నటి వాటిలో ప్రతి చోటా పై అంకే పెద్దది. 355 ఎలా వచ్చిందో చూడండి. 2లో 7 పోదు కాబట్టి 7లో 2 తీసింది, 5. 0లో 5 పోదు, 5లో 0 తీసింది, 5. 4లో 1 తీస్తే 3. 334 కూడా అట్లనే. పాప తెలియక ఏదో ఒకటి రాయలేదు, పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న మాట పట్టుకుని ప్రతి చోటా అదే చేసింది. మా బాబు కూడా ఇట్లనే చేసిండు. తిట్టకండి అక్కా.

జనగామ ట్యూషన్ అక్క (10:02)
అంటే అప్పు తెచ్చుకోవడం రాదన్నమాట. ముందే చెప్తే అయిపోయేది.

పరకాల రిటైర్డ్ టీచర్ (10:05)
అప్పు అనవద్దమ్మా. తిరిగి ఇచ్చేది లేనప్పుడు అప్పెట్లైతది? వందను పదులుగా విడగొడుతున్నాం, అంతే. అప్పు అంటే పిల్లలు మళ్లీ ఎక్కడ తీర్చాలని అడుగుతారు. నా క్లాసులో అడిగారు.

జనగామ ట్యూషన్ అక్క (10:07)
సార్, మనమందరం అప్పు అనే నేర్చుకున్నాం. బళ్లో బారో అంటరు. పేరు ఏదైతేంది?

నర్సంపేట అమ్మ (10:11)
ఇంకోటి చెప్పలేదు. మా మామయ్య వేరే తీరు నేర్పుతున్నారు. పైన పది పెట్టు, కింది పక్క అంకెకు ఒకటి కలుపు అంటారు. బళ్లో పై అంకె కొట్టేసి తగ్గించమంటారు.

హనుమకొండ నాన్న (10:19)
రెండూ కరెక్టే, రెండింటికీ 245 వస్తుంది. కానీ పాప సగం అదీ సగం ఇదీ చేస్తది. టెస్ట్ అయ్యేదాకా బళ్లో చెప్పిందే ఉంచండి. మామయ్యకు నెమ్మదిగా చెప్పండి, బాధపడతారు.
పొద్దున స్టీలు పళ్లెంలో నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు పెట్టండి. మీరే కిరాణం ఆమె, 157 ఇవ్వమనండి. ఏడు రూపాయలకు రెండే బిళ్లలున్నాయి. పదులు చూస్తే ఒక్కటీ లేదు. తప్పక ఒక వంద మార్చాలి: పది రూపాయల నోట్లు పది వస్తాయి. అందులో ఒకటి మార్చాలి: పది బిళ్లలు. ఇప్పుడు పళ్లెంలో 3 వందలు, 9 పదులు, 12 బిళ్లలు. తన చేత్తోనే తీసి ఇవ్వనివ్వండి. మిగిలింది లెక్కపెట్టాకే నోటుబుక్కు తెరవండి. సున్నా తొమ్మిది ఎందుకైతదో అక్కడ కనబడతది.

జనగామ ట్యూషన్ అక్క (10:24)
ఇది మంచిగుంది. మా పిల్లలకు పుల్లల కట్టలతో చెప్తా, నోట్లు ఇంకా నయం.

నర్సంపేట అమ్మ (ఉదయం 8:05)
నోట్లు చాలలేదు, కాగితం ముక్కల మీద రాసి చేయించా. 402 వచ్చింది. 530 మళ్లీ తప్పింది. బస్సు వచ్చింది, పంపించేసిన. థాంక్స్ అన్నా, సార్, అక్కా.

పరకాల రిటైర్డ్ టీచర్ (8:40)
530లో సున్నా చివర ఉంది కదమ్మా, అక్కడ తడబడి ఉంటది. టెస్ట్ ఎలా రాసిందో రాయండి. చదివించడం మాత్రం మరవద్దు.