ఈసీఈకి ఓయూనా, జేఎన్‌టీయూనా? వెబ్ ఆప్షన్ల ముందు సలహా కావాలి

సూర్యాపేట అక్క:
మా తమ్ముడికి ఎప్‌సెట్‌లో (ఇంజనీరింగ్ ఎంట్రన్స్) మంచి ర్యాంకే వచ్చింది, బీసీ-డి. పోయినేడు కటాఫ్‌లు చూస్తే ఓయూ క్యాంపస్ కాలేజీలో, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో రెండు చోట్లా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్) అందేలా ఉంది. ఫ్రెండ్స్ అందరూ పెడుతున్నారని వాడు జేఎన్‌టీయూనే అంటున్నాడు. నాన్నేమో ఓయూ అయితే ఉప్పల్‌లో మామయ్య వాళ్లింట్లో ఉండొచ్చు, హాస్టల్ ఖర్చు తప్పుతుంది అంటారు. మా పెదనాన్నకి ఓయూ అంటే ధర్నాలు తప్ప ఇంకేం గుర్తురావు. వాడికి చిప్ డిజైన్ ఇష్టం. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ, ఎవరైనా చదివినవాళ్లు చెప్పండి.

కేపీహెచ్‌బీ పాత కాపు:
నేను జేఎన్‌టీయూలోనే చదివా కాబట్టి కొంచెం అటే మొగ్గుతా, ముందే చెప్తున్నా. హైటెక్ సిటీ దగ్గర, ఇంటర్న్‌షిప్ దొరికితే క్లాసు అయ్యాక వెళ్లి రావచ్చు, చుట్టూ అంతా స్టూడెంట్లే కాబట్టి తిండికీ రూముకీ ఇబ్బంది లేదు (రూమ్ అద్దెలు మాత్రం అడగొద్దు). మీకు ఊరి నుంచి రావడం కూడా తేలికే, ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే నేరుగా జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్. కానీ ఉప్పల్ నుంచి రోజూ తిరగాలంటే అమీర్‌పేటలో మారాలి, పోనూ రానూ రెండు గంటలు హారతి కర్పూరమే. జేఎన్‌టీయూ అయితే హాస్టల్ అనుకోండి. ఫ్రెండ్స్ సంగతంటారా, అలాట్‌మెంట్ వచ్చేసరికి సగం మంది ఎటో పోతారు.

తార్నాక:
ఓయూ ఇంజనీరింగ్ కాలేజీ 1929 నుంచి ఉంది, పెదనాన్న గారికి చెప్పండి. ధర్నాలు ఎక్కువగా ఆర్ట్స్ కాలేజీ దగ్గర, మా బిల్డింగ్‌లో అదే టైమ్‌లో ల్యాబ్ నడిచేది, అటెండెన్స్ 75 శాతం లేకపోతే పరీక్ష దగ్గర ఎవరూ కాపాడరు. ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక ఎంతో దూరం కాదు. చిప్ డిజైన్ అన్నారు కాబట్టి చెప్తున్నా, క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, మైక్రాన్ అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, ఏ కాలేజీ నుంచైనా అవి అడిగేది డిజిటల్ ఎలక్ట్రానిక్స్, వెరిలాగ్ (చిప్ డిజైన్‌కి వాడే కోడింగ్ భాష), కాస్త సీ ప్రోగ్రామింగ్. చాలామంది గేట్ రాసి ఎంటెక్ చేశాకే అటు వెళ్తారు. ప్లేస్‌మెంట్ పేజీలో పెద్ద ప్యాకేజీ చూసి మోసపోవద్దు, అది చాలాసార్లు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వాళ్లది. ఈసీఈలో ఎంతమంది కోర్ (ఎలక్ట్రానిక్స్) ఉద్యోగాల్లో చేరారో ఇప్పటి ఫైనలియర్ వాళ్లనే అడగండి. రెండూ పాత ప్రభుత్వ కాలేజీలే, బ్రాంచ్ కూడా ఒకటే అయినప్పుడు నేనైతే ఇల్లు దగ్గరున్నదే పెడతా.

ఆప్షన్ల అన్న:
వీళ్లిద్దరూ మీకు అసలు టెన్షన్ చెప్పలేదు. జేఎన్‌టీయూ పేరుతో జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ కాలేజీలు కూడా లిస్టులో ఉంటాయి, కాలేజీ కోడ్ చూడకుండా పేరు చూసి పెట్టారో జగిత్యాల కాలేజీ ఉన్న కొండగట్టు దగ్గర తేలతారు. హైదరాబాద్ కాలేజీలోనే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఒకటి వేరే వరుసలో ఉంటుంది, దాని ఫీజు వేరు. రెండోది, మొదటి విడతలో సీటు వచ్చాక డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని నమోదు) చేయకపోతే ఆ సీటు పోతుంది. చేశాక రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి అందులో ఏదైనా వచ్చిందంటే పాతది దానంతట అదే రద్దు, వెనక్కి రాదు. కాబట్టి రెండో విడతలో చేతిలో ఉన్నదానికంటే నిజంగా బాగున్నవే పెట్టండి, సరదాకి పెట్టొద్దు.
బీసీలకు పదివేల లోపు ర్యాంకైతే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, కానీ ఆదాయం పల్లెలో లక్షన్నర, టౌన్‌లో రెండు లక్షలు దాటకూడదు. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ కొత్తది తీసి పెట్టుకోండి.

కేపీహెచ్‌బీ పాత కాపు:
అన్నీ సరే చెల్లెమ్మా, నాలుగేళ్లు ఉంటాడని ఉప్పల్ అత్తయ్యని అడిగారా?

సూర్యాపేట అక్క:
అదే ఇంకా అడగలేదు 😅 నాన్న మామయ్యతో మాత్రమే మాట్లాడారు. అన్నా, ఓయూ ఈసీఈ ముందు పెట్టి, దాని కింద జేఎన్‌టీయూ పెడితే, ఓయూ రాకపోతే జేఎన్‌టీయూ వస్తుంది కదా? జేఎన్‌టీయూ కిందకి వెళ్లినందుకు దాని ఛాన్స్ ఏమీ తగ్గదు కదా?

ఆప్షన్ల అన్న:
తగ్గదు. పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకి మొదట ఏది అందితే అదే ఇస్తారు. ఈ రెండిటితో ఆపకండి, వాటి కింద ఇంకో ముప్పై అయినా పెట్టి ఫ్రీజ్ (ఖరారు) చేయండి.